టాక్లీ ఆకుపచ్చరాయి, దక్కన్ వయసు: స్టీఫెన్ హిస్లాప్ మిగిల్చిన చిక్కుముడులు

డైనోసార్ల అంతానికి ఆకాశం నుంచి పడిన గ్రహశకలం కారణమా, దక్కన్ పీఠభూమిపై పొంగిన లావా కారణమా అన్న వాదం కొన్నేళ్లకోసారి పత్రికల్లో తలెత్తుతూ ఉంటుంది. అలాంటి వార్తల్లో మధ్యమధ్య రాజమండ్రి పేరు కూడా వినిపిస్తుంది. గోదావరి గట్టున ఉన్న ఊరికీ, 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట జరిగిన జీవనాశనానికీ సంబంధమేమిటో ఆ వార్తలు చాలావరకు వివరించవు. ఆ సంబంధాన్ని పట్టుకోవాలంటే లావా పొరల మధ్య ఇరుక్కున్న నత్తగుల్లల దగ్గరికి వెళ్లాలి. ఆ గుల్లలను ఓపికగా ఏరి, ఏ ఊళ్లో ఏ పొరలో దొరికాయో రాసిపెట్టిన వారిలో ముఖ్యుడు స్టీఫెన్ హిస్లాప్. వృత్తిరీత్యా ఆయన క్రైస్తవ మత ప్రచారకుడు. రాళ్ల సేకరణ ఆయనకు జీతం తెచ్చిపెట్టిన పని కాదు.

హిస్లాప్ చేసిన నిర్ణయాల్లో కొన్ని తప్పయ్యాయి, కొన్ని సగం నిజమయ్యాయి, ఒకటి మాత్రం ఆయన చెప్పని కారణంతో ఒకచోట సరిపోయింది. ఈ మూడింటినీ విడదీసి చూడకపోతే ఆయనను వెనకటి పండితుడిగా ఆకాశానికెత్తడమో, తీసిపారేయడమో జరుగుతుంది.

మత ప్రచారకుడి చేతిలో సుత్తి

హిస్లాప్ 1817లో స్కాట్లండ్‌లోని డన్స్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. 1843లో స్కాట్లండ్ చర్చి రెండుగా చీలినప్పుడు ఏర్పడిన ఫ్రీ చర్చి తరఫున 1844 చివర్లో బొంబాయి చేరి, మరుసటి ఏడాది నాగపూర్‌లో స్థిరపడ్డాడు. అప్పటికి నాగపూర్ ఇంకా భోంస్లే రాజుల రాజ్యం. 1853లో రాజు వారసుడు లేకుండా మరణించాక డల్హౌసీ దాన్ని కలిపేసుకున్నాడు. పక్కనే ఉన్న కామ్టీ కంటోన్మెంటులో మద్రాసు సైన్యపు దళాలు ఉండేవి. అందువల్ల మరాఠీ, హిందీ మాట్లాడే ఆ ప్రాంతంలో తమిళం, తెలుగు కూడా వినపడేవి. హిస్లాప్ అక్కడ బడి నడిపాడు, ఊళ్లు తిరిగాడు, గోండుల భాషనూ ఆచారాలనూ రాసుకున్నాడు. 1847లో రాబర్ట్ హంటర్ అనే సహచరుడు ఆయనతో కలిశాడు. ఆరోగ్యం దెబ్బతిని 1855లో తిరిగి వెళ్లిపోయిన ఈ హంటరే తర్వాతి కాలంలో పెద్ద ఆంగ్ల నిఘంటువు ఒకదాన్ని కూర్చి పేరు తెచ్చుకున్నాడు.

హిస్లాప్‌లా జీతం లేకుండా శాస్త్రం చేసేవారిని ‘ఔత్సాహికుడు’ అంటారు; ఆ మాటకు అర్థం సరిగా పట్టుకోవాలి. ఈనాడు ఆ మాటలో కాస్త తక్కువచూపు ధ్వనిస్తుంది. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో మన దేశపు భూగర్భశాస్త్రం దాదాపు మొత్తం ఔత్సాహికులదే. హైదరాబాద్ ప్రాంతపు రాళ్లను పరిశీలించిన హెన్రీ వాయ్సే సర్వే దళంతో తిరిగిన వైద్యుడు. నిర్మల్ ప్రాంతపు కొండల్లోని శిలాజాలను వర్ణించిన జాన్ మాల్కమ్సన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. 1830లలో రాజమండ్రి దగ్గర పంగిడి సున్నపురాయిని గమనించి రాసిన బెంజా కూడా వైద్యుడే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ థామస్ ఓల్డ్‌హామ్ నాయకత్వంలో 1851లో మొదలైంది. సరిగ్గా అదే ఏడాది హిస్లాప్, హంటర్ నాగపూర్ పొలిమేరలోని టాక్లీ దగ్గర శిలాజాల పొరను కనిపెట్టారు. జీతానికి పనిచేసే శాస్త్రజ్ఞుల యుగం మొదలవుతున్న సమయంలోనే హిస్లాప్ రంగంలోకి దిగాడన్నమాట. తర్వాతి పన్నెండేళ్లలో ఈ రెండు వర్గాలూ ఒకరి నమూనాలను ఒకరు వాడుకున్నాయి, ఒకరి నిర్ణయాలను ఒకరు సరిదిద్దాయి.

హిస్లోపైట్: పుట్టి, పేరు పొంది, హోదా పోగొట్టుకున్న ఖనిజం

టాక్లీ దగ్గర హిస్లాప్‌కు పచ్చగడ్డి రంగులో మెరిసే స్ఫటికాలు దొరికాయి. వాటిని డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో భూగర్భశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న శామ్యూల్ హాటన్ విశ్లేషించి, 1859లో ఆకుపచ్చదానికి ‘హిస్లోపైట్’ అనీ, దానితోపాటు వచ్చిన మట్టివంటి మరో పదార్థానికి ‘హంటరైట్’ అనీ పేర్లు పెట్టాడు. ఈ రెండు పేర్లూ నేటి అధికారిక ఖనిజాల జాబితాలో లేవు. ఇందులో ఎవరూ మోసపోలేదు, ఎవరూ మోసం చేయలేదు. అసలు ఖనిజం అంటే ఏమిటన్న ప్రశ్నకు జవాబే బిగుసుకుంది.

ఒక పదార్థం ఖనిజం కావాలంటే దానికి నిర్ణీతమైన రసాయన కూర్పూ, లోపల పరమాణువులు అమరే నిర్ణీతమైన పద్ధతీ ఉండాలి. శిల అన్నది ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ ఖనిజాల సముదాయం. హిస్లోపైట్ తునకపై పలుచని ఆమ్లం చుక్క వేస్తే బుసబుసమని పొంగుతుంది. అది కాల్సైట్ లక్షణం, అంటే సున్నపురాయిలో ఉండే కాల్షియం కార్బొనేట్. ఆ భాగం కరిగిపోయాక గ్లాకోనైట్ అనే ఖనిజాన్ని పోలిన ఆకుపచ్చ సిలికేట్ మిగులుతుంది. అంటే రాయికి ఆకారం ఇచ్చింది ఒక పదార్థం, రంగు ఇచ్చింది వేరొకటి. కాల్సైట్ అప్పటికే తెలిసిన ఖనిజం కనుక, దానిలో మరొకటి చిక్కుకున్నంత మాత్రాన కొత్త ఖనిజం పుట్టినట్టు లెక్క కాదు. అందుకే ఖనిజ గ్రంథాలు దాన్ని ‘ఆకుపచ్చని కాల్సైట్ రకం’ అన్న పద్దు కింద చేర్చాయి.

మరో పక్క, హిస్లాప్ నాగపూర్ మంచినీళ్లలో చూసిన ఒక చిన్న జీవిని బొంబాయి వైద్యుడు హెచ్. జె. కార్టర్ 1858లో వర్ణించి ‘హిస్లోపియా లాకుస్ట్రిస్’ అని పేరు పెట్టాడు. అది బ్రయోజోవా అనే వర్గానికి చెందినది, గుంపులుగా అతుక్కుని బతికే సూక్ష్మజీవి. ఆ పేరు ఈనాటికీ చెల్లుతోంది, దాని మీదుగా ఒక కుటుంబానికే పేరు వచ్చింది. ఒకే మనిషి పేరు రాయి మీద చెరిగిపోయి ప్రాణి మీద నిలవడానికి కారణం రెండు శాస్త్రాల్లోని పేర్ల నియమాలు వేరు కావడమే. కనుక హిస్లోపైట్ చెల్లకపోవడాన్ని ఆయన సేకరణలోని లోపంగా చదవకూడదు. ఆయన రాయిని తెచ్చాడు, విశ్లేషణా నామకరణమూ డబ్లిన్‌లో జరిగాయి.

లావా పొరల మధ్య చెరువు మట్టి

అసలైన చిక్కు దక్కన్ వయసు దగ్గర మొదలవుతుంది. దక్కన్ ట్రాప్స్ అంటే పశ్చిమ, మధ్య భారతంలో సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న నల్లరాతి పొరలు. ఇవి ఒక్కసారిగా ఏర్పడినవి కావు. లావా పొంగి చల్లబడ్డాక చాలాకాలం విరామం వచ్చేది. ఆ విరామంలో గుంటల్లో నీరు నిలిచి, చెరువులు ఏర్పడి, మట్టి పేరుకుని, నత్తలు, చేపలు, మొక్కలు బతికేవి. మళ్లీ లావా వచ్చి అన్నిటినీ కప్పేసేది. ఇలా రెండు లావా పొరల మధ్య చిక్కిన మట్టి, సున్నపురాయి, చెకుముకి లాంటి గట్టిరాయి పొరలను ‘ఇంటర్‌ట్రాపియన్’ పొరలంటారు.

వీటి విలువ ఒక సులువైన తర్కంలో ఉంది. నల్లరాయిలో శిలాజాలు ఉండవు. దాని వయసును నేరుగా కొలిచే పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో లేదు. మధ్య పొరలోని శిలాజం ఏ కాలానిదో తేలితే, కింది లావా అంతకన్నా పాతదనీ, పై లావా అంతకన్నా కొత్తదనీ తేలుతుంది. కనుక దక్కన్ వయసంతా ఆ నత్తగుల్లల మీద ఆధారపడింది.

టాక్లీ పొరలో హిస్లాప్, హంటర్‌లకు నత్తలతోపాటు పండ్లు, గింజలు, చేప పొలుసులు, పురుగుల రెక్కల కప్పులు కూడా దొరికాయి. వీటిలో ప్రసిద్ధమైనది ‘ఫైసా ప్రిన్సెపై’ అనే నత్త. దాని మొన పైకి ఉండేలా, నోరు మనవైపు తిరిగేలా పట్టుకుంటే నోరు ఎడమ పక్కన ఉంటుంది; మనం ఎక్కువగా చూసే నత్తల్లో అది కుడి పక్కన ఉంటుంది. ఈ ఎడమచేతి చుట్టు వల్ల రాయిలో విరిగిన ముక్కను కూడా గుర్తుపట్టవచ్చు. మాల్కమ్సన్ సేకరించిన గుల్లలను చూసి ఇంగ్లండ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు సోవర్బీ 1840లో, బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ గౌరవార్థం, దానికి ఆ పేరు పెట్టాడు. అదే నత్త నిర్మల్ వైపు కొండల్లోనూ నాగపూర్‌లోనూ కనబడటంతో ఈ పొరలన్నీ ఒకే కాలానివన్న ఆలోచన బలపడింది.

గుల్లలను బట్టి వయసు కట్టే పద్ధతి అప్పటికి బ్రిటిష్ భూగర్భశాస్త్రజ్ఞుడు చార్లెస్ లయెల్ స్థిరపరచినది. ఒక పొరలోని గుల్లల జాతుల్లో ఎన్ని ఇప్పటికీ బతికున్నాయో లెక్కించాలి. డైనోసార్ల అంతం తర్వాతి యుగంలో తొలి దశగా అప్పట్లో లెక్కించిన ఇయోసీన్ పొరల్లో అలాంటివి నూటికి మూడు నాలుగు మాత్రమే ఉంటాయన్నది ఆయన లెక్క. ఐరోపా సముద్రపు పొరలకు ఈ లెక్క పనిచేసింది. దక్కన్ చెరువుల నత్తల విషయంలో అది రెండు విధాలుగా కుంటుపడుతుంది. మంచినీటి నత్తల ఆకారం కోట్ల ఏళ్లపాటు పెద్దగా మారకపోవచ్చు, ఒకే జాతిలోనూ నీటిని బట్టి ఆకారం మారవచ్చు. పైగా ఐరోపా చెరువుకూ దక్కన్ చెరువుకూ మధ్య రాకపోకలు లేవు కనుక పోలిక కనిపించినా సమకాలికత రుజువు కాదు.

రాజమండ్రి ఎందుకు లెక్కలోకి వచ్చింది

ఈ బలహీనతను పూరించినవి గోదావరి తీరపు గుల్లలు. రాజమండ్రి దగ్గర కాతేరు, అవతలి ఒడ్డున పంగిడి ప్రాంతాల్లో ఇలాంటి లావా పొరలే ఉన్నాయి; వాటి మధ్య ఉన్న సున్నపురాయిలో సముద్రపు, ఉప్పుటేరుల గుల్లలు ఉన్నాయి. సముద్రజీవులు దూరదూరాలకు వ్యాపిస్తాయి కనుక ఐరోపాతో పోలిక పెట్టడానికి ఇవి మంచినీటి నత్తల కన్నా నమ్మదగినవి. 1860లో లండన్ భూగర్భశాస్త్ర సంఘం పత్రికలో ప్రచురించిన వ్యాసంలో హిస్లాప్ నాగపూర్, రాజమండ్రి గుల్లలను రెండింటినీ వర్ణించి, ఈ పొరలు టెర్షియరీ యుగం తొలిభాగానివని తేల్చాడు. టెర్షియరీ అంటే డైనోసార్లు అంతరించిన తర్వాతి యుగం. దానికి ముందరిది క్రిటేషియస్.

ఆ తర్వాత వాదన రెండు వైపులా ఊగింది. సర్వేక్షణ సంస్థకు చెందిన డబ్ల్యూ. టి. బ్లాన్‌ఫర్డ్ లావా కింద ఉన్న పొరలనూ వాటి క్రమాన్నీ చూసి, కనీసం కింది లావా క్రిటేషియస్‌దని వాదించాడు. 1930లలో బీర్బల్ సాహ్ని మొక్కల శిలాజాలను, ముఖ్యంగా తాటి జాతి చెట్ల అవశేషాలను చూసి మళ్లీ టెర్షియరీ పక్షం వహించాడు. 1980లలో రేడియోధార్మిక పద్ధతులూ, రాయిలో నిలిచిన అయస్కాంత దిశల పరీక్షలూ వచ్చాక, లావా ప్రవాహాల్లో అధికభాగం 6 కోట్ల 60 లక్షల ఏళ్లకు అటూఇటూ, భూగర్భకాలమానం దృష్టిలో చాలా తక్కువ వ్యవధిలో వచ్చిందని తేలింది. అంటే క్రిటేషియస్, టెర్షియరీల సరిహద్దు రేఖ లావా మధ్యగా పోతుంది. రెండు పక్షాలూ ఒకే వస్తువు రెండు అంచులను పట్టుకుని వాదించుకున్నాయి.

కాతేరు, గౌరీపట్నం దగ్గరి కంకర క్వారీల గోడలను తీసుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. అడుగున ఒక లావా పొర. దాని మీద సముద్రం, ఉప్పుటేరు వదిలిన మట్టి, సున్నపురాయి. ఆపైన మరో లావా. మధ్య పొరలోని ఫోరామినిఫెరా అనే కంటికి ఆనని సముద్రజీవుల గుల్లలను భూగర్భశాస్త్రజ్ఞురాలు గెర్టా కెల్లర్ బృందం పరిశీలించి, అవి సామూహిక అంతం జరిగిన వెంటనే పుట్టుకొచ్చిన జాతులవని 2008లో ప్రకటించింది. అలాగైతే అడుగు లావా ఆ సరిహద్దు సమయానికి చేరువది, పై లావా ఆ తర్వాతది. ఈ లావా పశ్చిమ కనుమల వైపు పొంగి, నాటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి ఇక్కడికి చేరిందని కూడా శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అదే నిజమైతే భూమి మీద తెలిసిన అతి పొడవైన లావా ప్రవాహాల్లో ఇవి ఉంటాయి.

ఇప్పుడు హిస్లాప్ నిర్ణయాన్ని తూచవచ్చు. రాజమండ్రి మధ్య పొర విషయంలో ‘టెర్షియరీ తొలిభాగం’ అన్న ఆయన మాట నిలిచింది. అయితే ఆయన అనుకున్న ఇయోసీన్‌కు ముందు, నేడు పేలియోసీన్ అంటున్న దశకు అది చెందుతుంది. 1860 నాటికి ఆ విభాగం పేరే పుట్టలేదు. టాక్లీ పొర విషయంలో ఆయన మాట నిలవలేదు. నాగపూర్ చుట్టుపక్కల పొరలు క్రిటేషియస్ చివరి దశవని ఈనాడు ఎక్కువమంది అంగీకరిస్తారు. రాజమండ్రి రుజువును నాగపూర్‌కు కూడా వర్తింపజేయడమే ఆయన పొరపాటు. లావాల మధ్య పొరలన్నీ ఒకే విరామానివన్న ఊహ అప్పటికి సహజమే. కానీ మొత్తం నిర్మాణం ఆ ఊహ మీదే నిలబడింది.

లావాకూ డైనోసార్ల అంతానికీ కార్యకారణ సంబంధం ఉందా అన్నది వేరే ప్రశ్న. కెల్లర్ బృందం ఉందంటుంది. మెక్సికోలోని చిక్షులూబ్ గ్రహశకల తాకిడే ప్రధాన కారణమని, లావా పాత్ర స్వల్పమని ఎక్కువమంది భావిస్తారు. పొరల వయసు తేలినంత మాత్రాన ఈ తగవు తీరదు. ఏ లావా ఎంత వాయువును ఎంత వేగంగా వదిలిందన్నది దీనికి కీలకం, దాని మీద అంచనాలు ఇంకా కలవడం లేదు.

ప్రాణహిత దారిలో

హిస్లాప్ ఆసక్తి లావా పొరలతో ఆగలేదు. కామ్టీ దగ్గరి ఇసుకరాయిలో గ్లోసోప్టెరిస్ వంటి అంతరించిన మొక్కల ఆకుల ముద్రలను సేకరించి పంపగా, 1861లో బన్‌బరీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు వాటిని వర్ణించాడు. నాగపూర్ రాజ్యంలోని మంగలి నుంచి ఆయన పంపిన ఉభయచర జీవి పుర్రెకు లండన్ శరీరశాస్త్రజ్ఞుడు రిచర్డ్ ఓవెన్ 1855లో ‘బ్రాకియాప్స్’ అని పేరు పెట్టాడు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి ఎర్రమట్టి నుంచి వచ్చిన ఊపిరితిత్తుల చేప పళ్లను 1859లో ఓల్డ్‌హామ్ వర్ణించి, ఒక జాతికి హిస్లాప్ పేరు, మరోదానికి హంటర్ పేరు పెట్టాడు. ఆ వర్గపు చేప అప్పటికి శిలాజంగానే తెలుసు. దాని దగ్గరి బంధువు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో బతికే ఉందని 1870లో తెలిసినప్పుడు ఐరోపా పండితులు నివ్వెరపోయారు. దాన్ని చూడటానికి హిస్లాప్ లేడు.

ఇక్కడా కాలనిర్ణయం ఆయనను తిప్పలు పెట్టింది. నాగపూర్ బొగ్గు, ఆకుల ఇసుకరాయి జురాసిక్‌వని 1855లో హంటర్‌తో కలిసి రాశాడు. కామ్టీ పేరు మీద ‘కామ్థీ’గా పిలిచే రాళ్లనూ, వాటి కింది బొగ్గునూ నేడు పెర్మియన్‌కు చేరుస్తారు, మలేరి దాని తర్వాతి ట్రయాసిక్‌ది, ప్రాణహిత ఒడ్డున ఉన్న కోటా సున్నపురాయి అంతకన్నా తర్వాతి జురాసిక్‌ది. కోట్ల ఏళ్ల ఎడం ఉన్న మూడు కాలాలు ఒకే నదీలోయలో పక్కపక్కన కనిపిస్తే, ఐరోపాలో లేని గ్లోసోప్టెరిస్ ఆకే ఆధారమైతే, 1855లో ఎవరైనా తడబడేవారే. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో అస్థిపంజరంగా నిలబడ్డ కోటాసారస్ ఆ కోటా రాళ్ల నుంచి వచ్చినదే. సింగరేణి గనుల్లో పనిచేసేవారికి ‘కామ్థీ’ అన్న పేరు నేటికీ పరిచితం.

సేకరణ ఎవరిది

హిస్లాప్‌ను ఎలా అంచనా వేయాలన్న దానిపై రెండు ధోరణులున్నాయి. మొదటిది ఆయన మీద 1888లో జార్జ్ స్మిత్ రాసిన జీవితచరిత్ర నుంచి వచ్చిన ధోరణి: మతసేవ, ప్రకృతి పరిశీలన ఒకే భక్తికి రెండు రూపాలు. రెండోది వలస పాలనను విమర్శనాత్మకంగా చూసేవారిది: సామ్రాజ్యం వేసిన దారుల మీద నడిచి, ఇక్కడి నమూనాలను అక్కడికి చేరవేసి, స్థానికుల పేర్లను వదిలేసిన పని ఇది. రెండింటికీ ఆధారాలున్నాయి. ఓవెన్ వర్ణించిన పుర్రెతో సహా ముఖ్యమైన నమూనాలు లండన్ సహజ చరిత్ర మ్యూజియంలోనే ఉన్నాయి. పోల్చి చూడాలంటే మన పరిశోధకుడు అక్కడికి వెళ్లవలసిందే. గోండుల లింగో గాథను వారి గాయకుల తెగకు చెందిన ఒక పర్ధాన్ పాడి వినిపిస్తే హిస్లాప్ రాసుకున్నాడు. ఆయన మరణానంతరం 1866లో బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ సంపాదకత్వంలో అది అచ్చయినప్పుడు ప్రసిద్ధికెక్కింది హిస్లాప్, టెంపుల్‌ల పేర్లే. పర్ధాన్లు తరతరాలుగా కాపాడుకున్న గాథ అది, ఆదిలాబాద్ అడవుల్లోనూ పాడేది.

అయినా రెండో ధోరణి ఒక విషయాన్ని చిన్నచూపు చూస్తుందని నాకనిపిస్తుంది. ఆ కాలంలో రాళ్లు సేకరించినవారిలో చాలామంది అందమైన స్ఫటికాన్ని బీరువాలో పెట్టుకుని సంతోషించారు. హిస్లాప్ ఊరు పేరు, పొర స్థానం, పైనా కిందా ఏముందో రాశాడు. టాక్లీ పొర టెర్షియరీది కాదని తర్వాతివాళ్లు తేల్చగలిగారంటే, ఏ గుల్ల ఎక్కడిదో ఆయన కాగితాల్లో ఉండబట్టే. తప్పును దిద్దడానికి వీలుగా పని చేయడం జీతం తీసుకునే శాస్త్రజ్ఞులకు కూడా అన్నివేళలా సాధ్యం కాలేదు.

ఆయన చివరి పని కూడా అలాంటిదే. 1863 సెప్టెంబరు 4న, నాగపూర్‌కు దక్షిణాన టాకల్‌ఘాట్ దగ్గర ఆదిమకాలపు రాతి వలయాల తవ్వకాన్ని టెంపుల్‌తో కలిసి చూసి, రాత్రి గుర్రం మీద తిరిగి వస్తూ, బోరీ దగ్గర పొంగిన వాగులో కొట్టుకుపోయాడు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు నిండలేదు. గోండుల గురించి రాసిన కాగితాలు మిగిలాయి కనుక టెంపుల్ వాటిని అచ్చు వేయించగలిగాడు. మలేరి, కోటా రాళ్ల వరుసను విడదీసే పని మాత్రం సర్వేక్షణ సంస్థ ఉద్యోగుల చేతికి వెళ్లింది, అది పూర్తి కావడానికి మరో తరం పట్టింది.